పిల్లులెందుకు అని అడిగేవాళ్లకి

కిందటేడాది ఒక సదస్సులో పత్రం చదివాక టీ తాగుతుంటే ఒక సీనియర్ రచయిత్రి నన్ను పక్కకి పిలిచారు. ఆమె అంటే నాకు గౌరవం. ఇరవయ్యేళ్ల వయసులో నేను స్త్రీవాదం వైపు రావడానికి ఆమె కవిత్వం కూడా ఒక కారణం. "ఇప్పుడెన్నయ్యాయి నీ పిల్లులు?" అని అడిగారు. ఏడు అన్నాను. ఆమె పక్కనున్నావిడ వైపు తిరిగి, "పెళ్లి వద్దంది, పిల్లలు వద్దంది, చివరికి ఏడుగురు పిల్లల తల్లయి కూర్చుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ నవ్వు గుచ్చుకుంటూనే ఉంది. అదే మాట మా వీధిలో ఎవరైనా అంటే పట్టించుకోను. వాళ్లు రోజూ అనేదే. కానీ మాతృత్వం స్త్రీ జీవిత పరమార్థం కాదని పాతికేళ్లు రాసిన మనిషి, ఒక స్త్రీ ఇష్టపడి చేసే పనికి వెనక ఖాళీ గర్భసంచిని వెతకడం ఏమిటి? ఒంటరి మగవాడు పది పుస్తకాల బీరువాలు కొనుక్కుంటే పిల్లల్లేని లోటు తీర్చుకుంటున్నాడని ఎవరైనా అంటారా? ఆరోజు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. ఆమె ఒక్కరికే కాదు, "ఆడవాళ్లకి ఇన్ని సమస్యలుండగా పిల్లులేమిటి?" అని సూటిగా అడిగిన మిత్రులకీ కలిపి.

నేను పలమనేరు పక్కన గంగవరంలో అద్దెకుంటున్నాను. తెలుగు కవయిత్రుల కవిత్వంలో ప్రసవం, గర్భస్రావం, గర్భనిరోధం అనే విషయం మీద పరిశోధన చేశాను. డాక్టరేట్ వచ్చింది, పర్మనెంటు ఉద్యోగం రాలేదు. ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. పాఠాలున్న నెలలకే జీతం. నాలుగేళ్ల కిందట, వానాకాలంలో, మా పెరట్లో పాత గోనెసంచుల మీద ఒక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. రాగిరంగులో ఉంటే రాగి అని పిలిచాను. మూడో నెలలో రెండు పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయాయి. టీకా వేయిస్తే బతికుండేవని తర్వాత తెలిసింది. మిగిలినవి సంగటి, మసి. మదనపల్లె టమోటా మార్కెట్లో క్రేట్ల మధ్య దొరికిన ఒంటికన్నుది ఒకటి. తక్కిన మూడూ అట్టపెట్టెల్లో వచ్చాయి. రాత్రిపూట ఎవరో గేటు లోపల పెట్టి వెళ్లిపోతారు.

ఆ గోనెసంచుల గురించి చెప్పాలి. అవి చెనిక్కాయల సంచులు. మా ఇంటావిడ కాపురానికొచ్చిన కొత్తలో ఈ పెరటి గదిలో పైకప్పు దాకా చెనిక్కాయ మూటలుండేవట. మూటలున్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట పిల్లి ఇంటి మనిషే. తర్వాత ఈ చుట్టుపక్కల చెనిక్కాయ తగ్గి టమోటా పెరిగింది. టమోటా నిలవ ఉండేది కాదు, తెల్లారేసరికి మార్కెట్‌కి పోవాలి. మూటలు పోయాయి, పిల్లికి పని పోయింది. పనున్నంత కాలం లక్ష్మి, పని లేకపోతే పీడ. ఈ లెక్క మనకి తెలియనిదా? ఇంట్లో ఒళ్లు వంచగలిగినంత కాలం ముసలావిడని ఎట్లా చూస్తారో, మంచానపడ్డాక ఎట్లా చూస్తారో మనం కథలుగా రాసిందే కదా.

మన భాషని చూడండి. గడప దాటుతుంటే ఎదురు రాకూడనివాళ్ల జాబితాలో పిల్లి ఉంది, భర్త పోయిన స్త్రీ ఉంది. ఒకే జాబితా. 1881 డిసెంబరులో వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. దాదాపు నూటయాభై ఏళ్లవుతోంది. ఇప్పటికీ మా వీధిలో పెళ్లి బట్టలకి బయల్దేరేవాళ్లు ముందు పక్కింటి అక్క గడపలో ఉందేమో చూసి, తర్వాత మా గేటు వైపు చూస్తారు. ఆమె భర్త పోయి ఆరేళ్లు. నావి పిల్లులు. ఇల్లు విడిచి తిరిగే ఆడదాన్ని కాలుగాలిన పిల్లి అంటాం. కాలు ఎందుకు కాలిందో, ఎవరు కాల్చారో ఎవరూ అడగరు.

తెనాలి రామకృష్ణుడి కథ చిన్నప్పుడు మనందరం విన్నాం. రాజుగారు ఇంటికో పిల్లినీ, దాని పాలకోసం ఆవునీ ఇస్తాడు. రామకృష్ణుడు పిల్లి ముందు సలసల కాగే పాలు పెడతాడు. మూతి కాలిన పిల్లి మళ్లీ పాల గిన్నె చూస్తే పారిపోతుంది. పాలన్నీ ఆయనకే మిగులుతాయి. మనం దాన్ని చమత్కారం అని నేర్చుకున్నాం. ఒకసారి నోరు కాల్చి, ఆ తర్వాత "దానికే వద్దు" అని రాజుగారి ముందు రుజువు చూపించడం. ఆడవాళ్లకి ఆస్తి వద్దట, పదవి వద్దట, చదువు మీద ఆసక్తి లేదట. ఎన్ని ఇళ్లల్లో ఈ కథ నడవలేదు? వర్జీనియా ఉల్ఫ్ 1929లో తన గది గురించి రాసిన పుస్తకంలో ఒక బిషప్పుని ఎగతాళి చేస్తుంది. స్త్రీకి షేక్స్పియరంతటి ప్రతిభ ఉండటం అసాధ్యమని తేల్చినాయనే, పిల్లులకి స్వర్గం లేదని కూడా తేలుస్తాడు. ఎవరు లోపల, ఎవరు బయట అని నిర్ణయించే పెద్దమనుషుల ముందు మనమూ పిల్లులూ ఒకే వరసలో నిలబడి ఉన్నామని ఆమె కనిపెట్టింది.

అయితే పిల్లుల్ని సాకడం గురించి నేను ముద్దుగా రాయదల్చుకోలేదు. రచయిత బల్లమీద నిద్రపోయే పిల్లి ఫోటో బాగుంటుంది. ఆ ఫోటోలో కనపడనిదేమిటంటే, పొద్దున్నే అయిదు గంటలకి మూడు మట్టి తొట్లలో ఇసుక మార్చడం, చికెన్ అంగట్లో తలకాయలూ కాళ్లూ అడిగి తెచ్చి ఉడకబెట్టడం, నులిపురుగుల మందు మింగించబోతే చేతులు చీరుకుపోవడం, కాలేజీ నుంచి రాగానే ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోవడం. నా జీతంలో మూడోవంతు వీటికే పోతుంది. కిందటేడు పుస్తకంగా వేద్దామనుకున్న సిద్ధాంత గ్రంథం ఇంకా రెండు అధ్యాయాలు సవరించవలసి ఉంది. ఈ రెండో లెక్కకి మొదటి లెక్కతో సంబంధం లేదని నేను అబద్ధం చెప్పను.

దీన్ని ప్రేమ అంటే ఒప్పుకుంటాను, కానీ ముందు పని అనండి. ఇంటిచాకిరీని ప్రేమ పేరుతో కనపడకుండా చేశారని మనమే కదా రాశాం. అట్టపెట్టెలు తెచ్చి పెట్టేవాళ్లు ఎవరో నాకు తెలుసు. గేటు చప్పుడుకి లేచి రెండుసార్లు చూశాను. ఇద్దరూ మగపిల్లలే, ఒకడు మా కాలేజీలో చదువుతున్నాడు. నిలదీస్తే, "మేడమ్ ఉంది కదా అని మా నాయన ఇచ్చి పంపినాడు" అన్నాడు. మేడమ్ ఉంది కదా! ఇంట్లో అమ్మ ఉంది కదా, ఆఫీసులో ఆమె ఉంది కదా అన్నట్టే. ఒక ఊరు వదిలించుకున్న బాధ్యతని ఒక ఆడమనిషి ఉచితంగా మోస్తుంటే, ఆ ఊరే ఆమెని పిల్లుల పిచ్చిది అంటుంది. ఇక్కడ మన విమర్శ ఎవరి మీద ఉండాలి? పెట్టె తెచ్చి పెట్టినవాళ్ల మీదా, తెరిచి చూసినదాని మీదా?

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. రెండేళ్ల కిందట రాగిని ఆపరేషన్‌కి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాను. పలమనేరు నుంచి మూడు గంటల బస్సు ప్రయాణం, వైరుబుట్టలో పిల్లి, పైన తువ్వాలు. పిల్లి అరవై మూడు, అరవై అయిదు రోజులకి పిల్లల్ని పెడుతుంది. పుట్టిన పిల్ల అయిదారు నెలలకే తల్లి కాగలదు. ఆపకపోతే ఏడు ముప్పై అవుతాయి, ముప్పైలో ఇరవై రోడ్డు మీద చస్తాయి. ఇదంతా తెలిసే వెళ్లాను. అయినా కాగితం మీద సంతకం పెడుతుంటే చెయ్యి ఆగింది. నా పరిశోధనలో ఒక అధ్యాయమంతా గర్భం మీద స్త్రీకి హక్కు లేకపోవడం గురించే. పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' గురించీ, కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' గురించీ పేజీలకి పేజీలు రాసిన చేత్తో, ఇంకో ఆడప్రాణి గర్భసంచి తీసేయమని నేను సంతకం పెడుతున్నాను.

ఇంటికొచ్చాక కుట్లు నాక్కోకుండా నా పాత చుడీదారు చెయ్యి కత్తిరించి రాగికి తొడిగాను. పది రోజులు గదిలోనే ఉంచాను. పక్కింటి అక్క రోజూ వచ్చి చూసేది. మూడోరోజు గడప దగ్గర కూర్చుని, "దీనికీ మా మాదిరే ఆపరేషనా పాపా?" అంది. అవునన్నాను. కాసేపు ఊరుకుని, "దీన్నన్నా పది దినాలు పండబెట్టి చూస్తా ఉండావు. మమ్మల్ని క్యాంపులో చేసి జీపులో ఇంటికాడ దించేసినారు. మూడో వారం తిరక్కముందే కలుపుకి పోయినాను" అంది. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్లట, ఇద్దరు బిడ్డలు. "నిన్నడిగినారా అక్కా?" అన్నాను. "ఎవురడుగుతారు? మా అత్త చెప్పింది, నర్సమ్మ పేరు రాసుకునింది."

ఆమె ఆ మాట ఫిర్యాదులా అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లికి మాట రాదు. అడిగే వీలు లేదు కాబట్టి దాని తరఫున నేను నిర్ణయం తీసుకున్నాను. తప్పో ఒప్పో ఆ బరువు నాది, మోస్తాను. కానీ అక్కకి మాట వచ్చు. ఆమెని అడిగి ఉండవచ్చు. మాట వచ్చిన మనిషిని మాట రాని జంతువు స్థానంలో నిలబెట్టిన వ్యవస్థ గురించి ఏడేళ్లు పరిశోధన చేసి నేను రాయలేకపోయిన వాక్యం, ఆమె ఒక పిల్లిని చూసి చెప్పింది.

గణాంకాలు మనకి కొత్త కాదు, అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లు. వేసెక్టమీ ఒక్క శాతం కూడా లేదు. వేసెక్టమీ చిన్నది, సులువైనది, ప్రమాదం తక్కువ అని ఏ డాక్టరైనా చెప్తారు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశంలో 80 లక్షలకి పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లకి. ఆ బలవంతం ఘోరమే, దానికి ప్రభుత్వం పడిపోయింది కూడా. ఆ తర్వాత మగవాళ్ల జోలికి పోవడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం రాలేదు. భారమంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది. దానికి మాత్రం ఏ ప్రభుత్వమూ పడిపోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో ఒక్కరోజే 83 మందికి ఆపరేషన్లు చేశారు, కనీసం 13 మంది స్త్రీలు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో ఈ క్యాంపులు ఆపేయాలని చెప్పవలసి వచ్చింది.

ఇప్పుడు గాలి మారింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారని 1994లో తెచ్చిన నిబంధనని 2024 నవంబరులో మన శాసనసభ ఎత్తేసింది. అదే ఏడాది, మా పక్క కుప్పం నుంచి గెలిచిన ముఖ్యమంత్రే ఇంకా పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు. చాలన్నా వాళ్లే, కావాలన్నా వాళ్లే. రెండుసార్లూ లెక్క గర్భసంచిదే. ఇట్లాంటి రోజుల్లో "పిల్లల్లేక పిల్లుల్ని సాకుతోంది" అనే హాస్యం అంత అమాయకమైనదేమీ కాదు. అది ఆ పిలుపుకి వంతపాడటమే.

తిరుపతిలో ఆరోజు నేను గమనించింది ఇంకొకటుంది. ఆపరేషన్ కోసం పిల్లుల్ని తెచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లుల్నే తెచ్చారు. మగపిల్లికయితే పొట్ట కోయనక్కర లేదు, కొద్ది నిమిషాల పని, రెండ్రోజుల్లో మామూలవుతుంది. అయినా తేరు. ఎందుకంటే పిల్లలు పుట్టేది ఆడపిల్లి ఉన్న ఇంట్లో. మగపిల్లి గోడ దూకి పోతుంది. మా వీధికంతటికీ ఒకటుంది, పెద్ద తలకాయ, చిరిగిన చెవి, దానికి జమీందారు అని పేరు పెట్టాను. దాన్ని పట్టడానికి సాయం రమ్మని అడిగితే అట్టపెట్టె పిల్లవాడి తండ్రి, "మగదానికెందుకు మేడమ్, బలహీనమైపోతాది" అన్నాడు. వేసెక్టమీ గురించి మగవాళ్లు చెప్పే మాట అక్షరం మారకుండా పిల్లి విషయంలోనూ వినపడింది. పిల్లుల్ని వదిలి స్త్రీల సమస్య చూడమంటారు. ఇదే స్త్రీల సమస్య, నాలుగు కాళ్ల మీద నడుచుకుంటూ నా గేటులోకి వచ్చింది.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. జంతుప్రేమ పై కులాల విలాసం అనీ, ఈ దేశంలో ఆవుపేరుతో మనుషుల్ని కొట్టి చంపుతున్నారనీ ఒక దళిత మిత్రురాలు నాతో వాదించింది. ఆమె మాట నిజం. మా ప్రాంతపు పుంగనూరు ఆవునే తీసుకోండి. పొట్టి ఆవు, చిక్కటి పాలు. అంతరించిపోతుంటే పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో కాపాడుతూ వచ్చారు, అది మంచి పనే. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో వాటి ఫోటోలు వచ్చాక ఎక్కడెక్కడివాళ్లో అడగడం మొదలుపెట్టారు. జాతి ఉన్నదానికి విలువ, జాతి లేనిది అట్టపెట్టెలో. జంతువుల్లోనూ మనం కులాన్నే వెతుక్కుంటాం. చరిత్రలోనూ ఈ చిక్కుముడి ఉంది. 1960 జంతుహింస నిరోధక చట్టానికి దారివేసింది రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ తెచ్చిన బిల్లు. దేవదాసీల నాట్యాన్ని వాళ్ల చేతుల్లోంచి తీసి 'శుద్ధి' చేశారన్న విమర్శ ఉన్నదీ ఆమె మీదే. కరుణ ఒక్కటే న్యాయం కాదు.

అయితే మరో చరిత్ర కూడా ఉంది. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పవర్ కాబ్ 1875లో జంతువుల మీద కోత ప్రయోగాలకి వ్యతిరేకంగా సంఘం పెట్టింది. మూడేళ్లకి, 1878లో, భార్యల్ని హింసించే భర్తల గురించి రాసి చట్టం మారడానికి కారణమైంది. ఒకటి చేస్తే ఇంకోటి చెయ్యలేమని ఆమె అనుకోలేదు. మన సాహిత్యంలో జాషువా ఉన్నాడు. 1941 నాటి 'గబ్బిలం'లో, గుడిలోకి రానివ్వని మనిషి తన బాధ శివుడికి చెప్పుకోడానికి హంసనో మేఘాన్నో పిలవలేదు. అపశకునమని అందరూ తరిమే గబ్బిలాన్ని పిలిచాడు. వెలివేసిన ప్రాణికీ వెలివేసిన మనిషికీ మధ్య ఉన్న ఆ చుట్టరికం విలాసమా? పైగా పిల్లి నన్ను పవిత్రురాల్ని కానివ్వదు. అది మాంసమే తింటుంది. దాన్ని సాకేవాళ్లు ఇంకొకరి కంచంలో కూర గురించి తీర్పు చెప్పే అర్హత మొదటిరోజే పోగొట్టుకుంటారు. ఆవు విషయంలో దొరకని ఈ మేలు పిల్లి దగ్గర దొరికింది. దళిత మిత్రురాలికి ఇదే చెప్పాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. మా వాదన ఇంకా సాగుతోంది.

ఇప్పుడు ఇంటావిడ ఉగాది లోపల పిల్లుల్ని తగ్గించమనీ, లేకపోతే ఇల్లు చూసుకోమనీ చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు. వీధిలో మాటలు ఆమెకే తగులుతాయి. ఒంటరి ఆడదానికి ఇల్లివ్వడమే గొప్ప అనుకునే ఊళ్లో ఏడు పిల్లులున్న ఒంటరి ఆడదానికి ఎవరిస్తారో చూడాలి. రెంటిని ఎవరైనా పెంచుకుంటే ఇస్తాను. ఎవరో దొరికే వరకు పెట్టెలో పెట్టి ఇంకొకరి గేటులో మాత్రం వదలను.

రచయిత్రులకి నేను అడిగేది ఎక్కువ కాదు. పిల్లుల్ని ప్రేమించమని అడగను, ఇష్టం లేనివాళ్లకి అవసరం లేదు. ఒక స్త్రీ చేసే పనిని పని అని పిలవండి. దాని ఖర్చు, దానికి పట్టే గంటలు, దానివల్ల ఆగిన అధ్యాయాలు లెక్క రాయండి. మన ఇళ్లల్లో ఆపరేషన్ ఎవరికయింది, ఎవరడిగారు, ఎవరు నిర్ణయించారు అని మన అమ్మల్నీ అత్తల్నీ పక్కింటివాళ్లనీ అడగండి. మన కవిత్వం ప్రసవం దగ్గరికి వెళ్లింది, గర్భస్రావం దగ్గరికి వెళ్లింది. పదిమందిలో ఏడుగురికి జరిగిన ఈ ఆపరేషన్ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగలేదు. నా సిద్ధాంత గ్రంథంలోనూ అది రెండున్నర పేజీలే. ఆ పేజీలు ఇప్పుడు తిరగరాస్తున్నాను. పక్కింటి అక్క చెప్తోంది, నేను రాసుకుంటున్నాను. ఈసారి ఆమెని అడిగే రాస్తున్నాను.

వచ్చే సోమవారం జమీందారుని తిరుపతి తీసుకెళ్తున్నాను. పట్టింది అక్కే, ఎండుచేప ఎరవేసి. బుట్ట మోయడానికి అట్టపెట్టె పిల్లవాడు వస్తానన్నాడు. వస్తానన్నాడంటే, అక్క వాళ్లింటికి వెళ్లి, "పెట్టి పోయిందానివి నువ్వే కదా, నువ్వే ఎత్తుకోని పో" అని వాడి నాయన ముందరే చెప్పి వచ్చింది.